దోగాడే పాప ఉన్న ఉమ్మడి ఇల్లు: గంటల లెక్కన సర్దిన ఒక కేసు

పాప వయసు 8 నెలల 3 వారాలు. కుడి అరచేయి, మణికట్టు లోపలి వైపు వేడి టీ పడి కాలింది. ఉదయం ఏడున్నర ప్రాంతంలో తాతగారు హాల్లో చాప పక్కన నేల మీద పెట్టుకున్న టీ గ్లాసును పాప దోగాడుతూ వచ్చి లాగింది. ముప్పావు గంటలో క్లినిక్‌కు తీసుకొచ్చారు. అప్పటికే చేతికి టూత్‌పేస్ట్ మందంగా పట్టించి ఉంది.

నేను గోదావరి ప్రాంతంలో ఒక పట్నంలో పిల్లల డాక్టరుగా పనిచేస్తున్నాను. చేయి కాలి వచ్చినా, గొంతులో ఏదో అడ్డుపడి వచ్చినా, మాత్ర మింగి వచ్చినా, ఆ పిల్లల్లో ఎక్కువమంది కూర్చోబెట్టిన చోట కూర్చునే దశ దాటి తమంతట తాము కదలడం నేర్చుకున్నవాళ్లే. ఈ పాప గాయానికి వైద్యం మామూలుగానే సాగింది. వివరంగా రాయదగ్గది ఆ తర్వాత ఇంటి విషయంలో ఆ కుటుంబంతో కలిసి చేసిన పని. వాళ్ల అనుమతితో రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

గాయం

పేస్టు కడిగేసి, కాలిన చేతిని 20 నిమిషాలు కొళాయి ధార కింద పట్టుకున్నాం. కాలిన మూడు గంటల లోపు ఎప్పుడు చల్లబరిచినా ఉపయోగం ఉంటుంది కాబట్టి, ఇంట్లో చేయనిది క్లినిక్‌లో చేశాం. మిగతా ఒళ్లు చల్లబడిపోకుండా తువ్వాలుతో కప్పి ఉంచాం. ఐసు పెట్టకూడదు. పసుపు, ఇంకు, గోధుమపిండి, పేస్టు వంటివి రాయకూడదు. అవి వేడిని తీయవు, పైగా గాయం ఎంత లోతుందో డాక్టరుకు కనిపించనివ్వవు.

పిల్లల అరచేయి వేళ్లతో సహా వాళ్ల శరీరంలో సుమారు 1 శాతం. ఈ పాపకు కాలింది అంతకంటే కొంచెం ఎక్కువ. శాతం చూస్తే చిన్న గాయమే అనిపిస్తుంది. కానీ పసిపిల్లల అరచేయి లోతుగా కాలితే, మానేటప్పుడు చర్మం బిగుసుకుని వేళ్లు లోపలికి ముడుచుకుపోతాయి. అందుకే ప్లాస్టిక్ సర్జన్‌కు కూడా చూపించాం. అదృష్టవశాత్తూ లోతు తక్కువ. డ్రెస్సింగ్‌లతోనే రెండు వారాల్లో మానింది. ఇప్పుడు వేళ్లన్నీ పూర్తిగా చాపుతోంది.

డ్రెస్సింగ్ మార్పించడానికి వచ్చినప్పుడు వాళ్లమ్మ ఒక మాట అంది. "ఆన్‌లైన్‌లో సేఫ్టీ కిట్ తెప్పించి అన్నీ బిగించానండీ డాక్టర్ గారూ. టేబుల్ మూలలకు గార్డులు, సాకెట్లకు మూతలు, డ్రాయర్లకు లాకులు. అయినా ఇలా అయింది." ఆమె గొంతులో తనమీద తనకున్న కోపం వినిపించింది. ఆమె కొన్నవాటిలో నేల మీది టీ గ్లాసును ఆపగలిగేది ఒక్కటీ లేదు. ఇల్లు చూస్తాను, మీకు అభ్యంతరం లేకపోతే వస్తాను అన్నాను.

ఇల్లు, మనుషులు

పాత డాబా ఇల్లు. కింద తాతగారు, మామ్మగారు, పాప, పాప తల్లి. తండ్రి ఉద్యోగం హైదరాబాదులో, శనాదివారాల్లో వస్తాడు. పై అంతస్తులో పెదనాన్న కుటుంబం, వాళ్లకు ఐదేళ్ల బాబు. తల్లి బ్యాంకు ఉద్యోగి, సెలవు అయిపోయి డ్యూటీలో చేరింది. తాతగారికి బీపీ, షుగరు. మామ్మగారికి మోకాళ్ల నొప్పులు.

పాప దోగాడటం మొదలుపెట్టి అప్పటికి మూడు వారాలు కాలేదు. మన ఇళ్లలో పిల్లలు బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు చేసి పంచుకుంటాం. ఆ ఇంట్లో గడప దాటిందని గారెలు వండి వీధిలో నాలుగిళ్లకు పంచారు కూడా. గాయం అయింది ఆ తర్వాతి వారమే.

తల్లిదండ్రులకు ఈ దశ ఎంత వేగంగా వస్తుందో చెప్పడం నాకు ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల పిల్లలను గమనించి ఇచ్చిన లెక్కల్లో చేతులు, మోకాళ్ల మీద దోగాడటం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. పట్టుకుని నిలబడటం 4.8 నుంచి 11.4 నెలల మధ్య. అంటే ఒక బిడ్డకు ఈ రెండూ కొద్ది రోజుల తేడాతో రావచ్చు. నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడకుండానే నిలబడతారు. "ఇంకా దోగాడటం లేదు కదా, తర్వాత చూద్దాం" అనుకుంటే ఆ "తర్వాత" ఒక్క మధ్యాహ్నంలో వచ్చేస్తుంది. తొమ్మిదో నెల దగ్గరపడేసరికి బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును ఏరుకోవడం కూడా వస్తుంది. నేల మీద పడ్డ మాత్ర అప్పటిదాకా వాళ్లకు అందని వస్తువు. ఇప్పుడు అందుతుంది, అందినదల్లా నోట్లోకే వెళ్తుంది.

నోట్‌బుక్కు చెప్పిన సంగతి

ఇంటికి వెళ్లే ముందు వాళ్లను ఒక పని చేయమన్నాను. కొన్ని రోజులపాటు పాప మెలకువగా ఉన్న ప్రతి అరగంటకు మూడు విషయాలు రాయాలి: పాప ఎక్కడ ఉంది, ఎవరు చూస్తున్నారు, ఆ సమయంలో ఇంట్లో ఏ పని జరుగుతోంది. తల్లి ఇంట్లో ఉన్నంతసేపు తను రాసింది. ఆమె బ్యాంకులో ఉన్న సమయానికి తాతగారు రాశారు.

ఆ పుస్తకం చూస్తే ప్రమాదం ఎక్కడుందో ఇల్లు చూడకముందే సగం తెలిసింది. ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర వరకు, ఈ రెండు ముక్కల్లోనే వేడి, నీళ్లు, నిప్పు, హడావిడి అన్నీ పోగుపడి ఉన్నాయి. పాప కూడా సరిగ్గా అప్పుడే నిద్ర లేచి చురుగ్గా ఉంటుంది. మిగతా రోజంతా ఆ ఇల్లు దాదాపు ప్రశాంతం.

ఇంకో సంగతి నన్ను ఆపేసింది. ఉదయం ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు "ఎవరు చూస్తున్నారు" అన్న గడిలో ఒక రోజు తల్లి "మామయ్యగారు" అని రాసింది. అదే సమయానికి ఎక్కడున్నారని తాతగారిని అడిగితే, "పాప మామ్మ దగ్గర ఉందనుకుని పేపరు తెచ్చుకోవడానికి బయటికెళ్లాను" అన్నారు. మామ్మగారేమో వంటింట్లో. కోడలు గదిలో చీర కట్టుకుంటూ పాప హాల్లో మామయ్యగారి దగ్గర ఉందన్న ధైర్యంతో ఉంది. ఇంట్లో ముగ్గురు పెద్దవాళ్లున్నారు, ముగ్గురికీ పాపంటే ప్రాణం. అయినా ఆ నిమిషాల్లో పాప మీద ఎవరి కన్నూ లేదు. ఉమ్మడి కుటుంబాల్లో పిల్లలకు తగిలే దెబ్బల్లో చాలా వాటి వెనక నాకు ఇదే కనిపిస్తుంది. జనం తక్కువగా ఉన్న ఇంట్లో ఒక్కరే ఉంటారు కాబట్టి తామే చూడాలని వాళ్లకు తెలుసు.

అందుకే ఈ కేసులో గదుల జాబితా పట్టుకోలేదు. గంటల వరసలో నడిచాం.

ఉదయం ఆరు: నీళ్లు

మున్సిపాలిటీ కొళాయి తెల్లవారాక గంటసేపు వస్తుంది. ఆ గంటలో డ్రమ్ము, రెండు బిందెలు, నాలుగు బకెట్లు నిండాలి. బాత్రూములో ఒక బకెట్‌లో హీటర్ రాడ్ వేసి ఉంటుంది. నేను వెళ్లిన ఉదయం బాత్రూము తలుపు తెరిచే ఉంది, నిండు బకెట్లు వరసగా ఉన్నాయి. పాప హాల్లోంచి అక్కడికి చేరడానికి అడ్డు ఏమీ లేదు.

నన్నడిగితే ఈ ఇంట్లో అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇదే, కాలిన గాయం కంటే కూడా. ఈ వయసు పిల్లలకు ఒంటితో పోలిస్తే తల బరువెక్కువ. బకెట్ అంచు పట్టుకుని నిలబడి లోపలికి వంగితే తలకిందులుగా పడతారు, మళ్లీ పైకి లేవలేరు. ముక్కు, నోరు మునగడానికి 5 సెంటీమీటర్ల నీళ్లు చాలు. చప్పుడు కూడా రాదు. నీళ్లలో పడితే కొట్టుకుంటారు, అరుస్తారు, మనకు వినిపిస్తుంది అన్న నమ్మకం చాలామందిలో ఉంది. పసిబిడ్డ విషయంలో అది నిజం కాదు.

"నీళ్లు నిల్వ పెట్టకండి" అని రాసిన సలహాలు పుస్తకాల్లో ఉంటాయి. రోజుకు గంటసేపు కొళాయి వచ్చే ఇంట్లో ఆ మాట ఎవరూ పాటించలేరు. నిల్వ ఉంటుంది, అది పాపకు అందకుండా ఉండాలి, ఇదీ మేం పెట్టుకున్న లెక్క. ఎత్తయిన పెద్ద డ్రమ్ముకు తిప్పి బిగించే మూత ఉన్నది కొన్నారు. నీళ్లన్నీ అందులోకే. బకెట్లు వాడేటప్పుడు మాత్రమే నింపి, అవ్వగానే బోర్లించాలి. బిందెలు వంటింటి గట్టు మీదకు ఎక్కాయి. బాత్రూము తలుపుకు బయటి వైపు, పైన, పెద్దవాళ్ల భుజం ఎత్తులో కొత్త గడియ బిగించారు. పెరట్లో సంపు మీదున్న రేకు మూత పక్కకు జరిగేది. దాని బదులు కీలున్న ఇనుప మూత, దానికి తాళం వచ్చాయి.

హీటర్ రాడ్ మానేయమని గట్టిగా చెప్పాను. మరిగే నీళ్లు, కరెంటు, రెండూ నేల మట్టాన ఒకే బకెట్‌లో ఉండటం దోగాడే బిడ్డ ఉన్న ఇంటికి పనికిరాదు. వాళ్లు చిన్న గీజర్ పెట్టించుకున్నారు, దాన్ని 50 డిగ్రీల లోపే ఉంచమన్నాను. 60 డిగ్రీల నీళ్లు పెద్దవాళ్ల చర్మాన్నే 5 సెకన్లలో లోతుగా కాలుస్తాయి, పసిచర్మానికి అంత సమయం కూడా పట్టదు. గీజర్ కొనే స్తోమత లేని ఇళ్లలో నేను చెప్పేది పొయ్యి మీద కాచుకోవడం, ఆ గిన్నెను మోసే మనిషి వెళ్లేవరకు పిల్లను ఎవరో ఒకరు ఎత్తుకుని ఉండటం. స్నానానికి బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్నీళ్లు.

ఏడు నుంచి తొమ్మిది: టీ, పూజ, వంట

తాతగారికి పొద్దున్నే చాప మీద కూర్చుని పేపరు చదువుతూ టీ తాగడం నలభై ఏళ్ల అలవాటు. నేను దాన్ని మానమని అనలేదు. టీ కాచి పావుగంట అయినా పసిబిడ్డ చర్మాన్ని కాల్చేంత వేడి అందులో ఉంటుందని చెప్పాను. ఆయన తనే కుర్చీ, పక్కన ఎత్తు స్టూలు వేసుకున్నారు. ఒడిలో పాపను పెట్టుకుని మాత్రం టీ తాగరు. ఆ గాయం తన గ్లాసు వల్లే అయిందన్న బాధ ఆయనకు చాలా ఉంది. మాట్లాడుతుంటే ఆ ఊసు పదేపదే వచ్చింది. పాప మూడు వారాల కిందట ఆ చాప దాకా రాలేకపోయేదని, ఇంట్లో మారింది పాపేనని చెప్పాను.

వంటింట్లో మామ్మగారు ఇప్పటికీ అన్నం వార్చే వండుతారు. గంజి వార్చడానికి గిన్నెను నేల మీద వాల్చి పెట్టేవారు. మోకాళ్ల నొప్పితో కూరగాయలు మాత్రం కుర్చీలో కూర్చుని తరుగుతారు, కత్తిపీట గోడకు ఆనించి ఉంటుంది. ఆవిడతో ఈ విషయం మాట్లాడటానికి కోడలు భయపడింది. "నేను చెబితే వంటలో తప్పు పడుతున్నాననుకుంటారు" అంది. నేనడిగాను. "మామ్మగారూ, మీరు గంజి వార్చేటప్పుడు పాప గడప దాటి లోపలికి వస్తే మీ మోకాళ్లతో ఎంత తొందరగా లేవగలరు?" ఆవిడ కాసేపు ఆలోచించి, "లేవలేను బాబూ" అన్నారు. వంటింటి గుమ్మానికి గేటు పెట్టే ఆలోచన అక్కడే ఖాయమైంది. ఆవిడ వంట పద్ధతి మారలేదు, వార్చిన గిన్నె మాత్రం సింకు పక్క గట్టు మీదకు వెళ్లింది. కత్తిపీట మడతపెట్టి పైన గూట్లోకి చేరింది.

గేటు గురించి కాస్త వివరంగా చెప్పాలి. బజారులో దొరికే గేట్లలో చాలావరకు రెండు వైపులా ఒత్తిడితో నిలబడేవి. పాత ఇళ్ల గుమ్మాలు వెడల్పు, గోడలు సమంగా ఉండవు, అవి ఊగిపోతాయి. వీధి చివర వెల్డింగ్ షాపులో చేయించారు. ఎత్తు 75 సెంటీమీటర్లకు తగ్గకూడదు, ఊచల మధ్య సందు 6 సెంటీమీటర్లకు మించకూడదు, ఊచలన్నీ నిలువుగా ఉండాలి. అడ్డ ఊచలుంటే కొన్నాళ్లకు అవే మెట్లవుతాయి. మేడ మెట్లకు కింద ఒకటి, పైన ఒకటి గోడలోకి మేకులు దింపి బిగించారు. మెట్ల పైన ఒత్తిడి గేటు ఎప్పుడూ పెట్టకూడదు. బిడ్డ ఒరిగితే గేటుతో సహా పడిపోతుంది.

పూజ గది దగ్గర చర్చ ఎక్కువసేపే సాగింది. దేవుడి పీట నేల మీద ఉంది. దాని ముందు కుందులు, అగ్గిపెట్టె, కుంకుమ భరిణె, హారతి కర్పూరం మూత లేని గిన్నెలో. కర్పూరం సంగతి చాలామందికి తెలియదు. చూడటానికి పంచదార బిళ్లలా ఉంటుంది. పసిపిల్లలు మింగితే నిమిషాల్లోనే ఫిట్స్ రావచ్చు, సుమారు 1 గ్రాము కూడా ప్రాణం మీదకు తేవచ్చు. బట్టల బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు కూడా అంతే ప్రమాదం, కొందరు పిల్లల్లో రక్తకణాలు పగిలిపోతాయి. పీటను గోడకు ఎత్తించమని కోడలు అడిగితే మామ్మగారు ఒప్పుకోలేదు. తరతరాల పీట, అది కదలకూడదన్నారు. ఆ మాటను గౌరవించాలనిపించింది. పూజ గదికి తలుపు ఉంది, దానికీ పైన గడియ పెట్టారు. కర్పూరం, అగ్గిపెట్టె మూత గట్టిగా పట్టే డబ్బాలో పై గూట్లో. దీపం వెలుగుతున్నంతసేపు గది తలుపు వేసి ఉంటుంది. పాపను దండం పెట్టించడానికి ఎత్తుకునే తీసుకెళ్తారు.

మాత్రలు, వక్కలు, పిన్నీసులు

తాతగారి మాత్రల సంచి తలగడ పక్కన ఉండేది. అందులో షుగరుకు గ్లిమెపిరైడ్, బీపీకి అమ్లోడిపిన్ ఉన్నాయి. ఈ రెండిటిలో ఏదైనా ఒక్క మాత్ర చాలు, పసిబిడ్డ ఐసీయూలో చేరడానికి. గ్లిమెపిరైడ్ మింగిన బిడ్డ మొదట కొన్ని గంటలు మామూలుగానే ఆడుకోవచ్చు, షుగరు ఆ తర్వాత పడిపోవచ్చు. అందుకే "బాగానే ఉంది కదా" అని ఇంట్లో కూర్చోకూడదు, కనీసం ఒక రోజు ఆస్పత్రిలో గమనించాలి. తల్లి ప్రసవం తర్వాత వాడి వదిలేసిన ఐరన్ మాత్రలు డ్రెస్సింగ్ టేబుల్ కింది అరలో దొరికాయి. అవీ అంతే తీవ్రమైనవి.

సంచి బీరువా పై అరకు వెళ్లింది. దాంతో పాటు ఒక చిన్న అలవాటు పెట్టాం: తాతగారు మాత్ర వేసుకునేటప్పుడు అంచున్న పళ్లెంలో విప్పుకోవాలి. ఆయన వేళ్లకు పట్టు తగ్గింది, మాత్రలు జారి మంచం కిందికి దొర్లేవి. పళ్లెంలో అయితే ఎక్కడికీ పోవు.

నేల మీద నేను మోకాళ్ల మీద తిరిగినప్పుడు దొరికినవి: రెండు చింతగింజలు, వక్క ముక్క, నల్లపూస, పల్లీ, ఒక పిన్నీసు. పిన్నీసు మామ్మగారి గాజులకు తగిలించుకున్నవాటిలోంచి జారింది. గాజులకు, మంగళసూత్రానికి పిన్నీసులు తగిలించుకునే అలవాటు ఉన్న ఇంట్లో పిల్లను ఎత్తుకునేవాళ్లు దాన్ని ఇప్పటికైనా మానాలి. పాప మెడలో నల్లతాడు, సన్నటి గొలుసు ఉన్నాయి. గేటు ఊచకో మంచం కోడుకో తగులుకుంటే మెడ బిగుసుకుంటుంది. రెండూ తీయించాను. దిష్టి కోసం కావాలంటే కాలికి కట్టమన్నాను, పూసలు లేకుండా, వదులుగా కాకుండా.

పై అంతస్తు బాబు బొమ్మల్లో ఒకటి పాటలు పాడే కారు, వెనక మూత ఊడి ఉంది. లోపల నాణెం ఆకారపు బ్యాటరీ. రిమోట్లలో, వంటింటి డిజిటల్ తూకంలో, థర్మామీటరులో ఇవే ఉంటాయి. 20 మిల్లీమీటర్ల లిథియం బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే అది పగలనక్కర్లేదు, కారనక్కర్లేదు. తడి తగలగానే కరెంటు ప్రవహించి, క్షారం పుట్టి, రెండు గంటల్లోనే అన్నవాహిక గోడ తీవ్రంగా కాలిపోవచ్చు. ఎక్స్‌రేలో నాణెంలాగే కనిపిస్తుంది, అంచున రెండు వలయాలు చూసి గుర్తుపట్టాలి. బిడ్డ మింగిందన్న అనుమానం చాలు, వాంతి చేయించకుండా, ఏమీ పెట్టకుండా ఎండోస్కోపీ ఉన్న ఆస్పత్రికి బయల్దేరాలి. ఏడాది దాటిన పిల్లలకైతే దారిలో తేనె కొద్దికొద్దిగా ఇవ్వమంటారు, ఈ పాప వయసుకు తేనె ఇవ్వకూడదు. మూత స్క్రూతో బిగించే బొమ్మలే ఇంట్లో ఉంచమన్నాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. జాతరలో, ఫుట్‌పాత్ మీద కొన్నవాటికి అది చాలాసార్లు ఉండదు.

ఐదేళ్ల అన్నయ్యకు ఒక ఉద్యోగం ఇచ్చాం. బడి నుంచి వచ్చాక చాప చుట్టూ నేల మీద చిన్న వస్తువులు ఏరి డబ్బాలో వేసి మామ్మకు చూపించాలి. పెద్దవాళ్ల కళ్లకు కనబడనివి వాడికి కనిపిస్తాయి. అప్పటిదాకా "బొమ్మలు ముట్టుకోవద్దు" అని పాపను నెట్టేసేవాడు, ఆ పని తర్వాత కాపలాదారు అయ్యాడు. వాడి చిన్న బొమ్మలు మేడ మీదే ఉంటాయి.

సాయంత్రం, కరెంటు

సాయంత్రం దీపాల వేళ దోమల మందు మెషిన్ మంచం పక్క కింది సాకెట్‌లో పెట్టేవారు. ఆ సీసాలోని మందు చాలావాటిలో కిరోసిన్ లాంటి నూనెలో కలిపి ఉంటుంది. తాగితే కడుపుకంటే ఊపిరితిత్తులకు ఎక్కువ హాని. వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి మళ్లీ దిగుతుంది, ఉప్పు నీళ్లు పట్టించి వాంతి చేయించడం ఇంకా చాలా ఇళ్లలో చేస్తున్నారు, దయచేసి చేయకండి. మెషిన్ పై సాకెట్‌కు మారింది, పాప మంచానికి దోమతెర వచ్చింది.

సాకెట్ మూతల గురించి నాకు పెద్ద ఉత్సాహం లేదు. కొత్త సాకెట్లలో లోపల అడ్డుతెర ఉంటుంది. ఈ ఇంట్లో ప్రమాదం నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు, దాంట్లోంచి వేలాడే చార్జర్లు, ఊచలు ఎడంగా ఉన్న పాత టేబుల్ ఫ్యాను. బోర్డు బీరువా వెనక్కి వెళ్లింది, ఫ్యాను అటకెక్కింది. ఎలక్ట్రీషియన్‌తో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించారు. సేఫ్టీ కిట్ డబ్బులకు అది ఇంకాస్త కలిపితే వస్తుంది, ఇల్లంతటికీ పనిచేస్తుంది. మూలల గార్డుల్లో ఒకదాన్ని పాప అప్పటికే పీకి కొరికింది. స్పాంజి ముక్క నోట్లోంచి తీశామని తల్లి చెప్పింది. మిగతావి కూడా తీసేసి టేబుల్‌నే పక్క గదిలోకి జరిపారు.

మేనమామ పంపిన వాకర్ ఒకటి పెట్టెలోనే ఉంది. దాన్ని వాడవద్దన్నాను. వాకర్‌లో బిడ్డ సెకనుకు మూడడుగులు పోగలదు, పెద్దవాళ్లు పరుగెత్తేలోపే మెట్ల దగ్గర ఉంటుంది. నడక తొందరగా రావడానికి అది సాయపడదు. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. చీర ఉయ్యాల కూడా ఈ వయసుకు ఆపేయాలి. లేచి కూర్చుని అంచు మీదకు ఒరిగితే కింద పడుతుంది.

కాపలా మాటతో మారడం

వస్తువులు సర్దడం కొద్ది రోజుల్లో అయిపోయింది. మనుషుల సంగతికి ఎక్కువ కాలం పట్టింది. పెట్టిన నియమం ఒక్కటే: పాప ఎవరి దగ్గర ఉందో నోటితో చెప్పాలి, అవతలివాళ్లు నోటితో ఒప్పుకోవాలి. "మామయ్యగారూ, పాప మీ దగ్గర." "సరే అమ్మా, నా దగ్గర." ఆ సరే వినిపించేదాకా పాప చెప్పినవాళ్ల బాధ్యతే. కోడలు మామగారితో అలా మాట ఒప్పించుకోవడానికి మొదట్లో ఇబ్బంది పడింది. తాతగారే దాన్ని తేలిక చేశారు. ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. డ్యూటీ అప్పగించేటప్పుడు సంతకం లేకుండా ఎవరూ కదిలేవాళ్లం కాదు, ఇదీ అంతే అన్నారు.

రెండో ఏర్పాటు, హాల్లో ఒక మూల పాపకు పూర్తిగా వదిలేయడం. దివాన్‌కాట్, గోడ, ఒక గేటు కలిపి సుమారు ఎనిమిదడుగుల చోటు. అక్కడ పాపను "వద్దు, ముట్టుకోకు" అనే అవసరమే రాకూడదు. స్టీలు గిన్నెలు, చెక్క గరిటె, గుడ్డ బొమ్మలు. ఉదయం ఏడు నుంచి తొమ్మిది, సాయంత్రం దీపాల వేళ అక్కడ, మిగతా సమయంలో ఇల్లంతా. కొన్ని ఇళ్లలో భయంతో బిడ్డను రోజంతా కటకటాల తొట్టిలోనో ఒళ్లోనో ఉంచేస్తున్నారు. అది కూడా నాకు నచ్చదు. దోగాడాల్సిన కాలంలో దోగాడనివ్వాలి.

గొంతులో అడ్డుపడితే ఏం చేయాలో ఇంట్లో పెద్దలందరికీ బొమ్మ మీద చూపించాను. బిడ్డ దగ్గుతూ, ఏడుస్తూ ఉంటే దగ్గనివ్వాలి. శబ్దం ఆగిపోతే ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి భుజాల మధ్య 5 దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్య ఒక అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి భాగంతో) 5 నొక్కులు, వస్తువు వచ్చేదాకా మార్చి మార్చి. ఈలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకకూడదు, లోపలికి నెట్టేస్తాం.

తర్వాత

నెల తర్వాత మళ్లీ వెళ్లాను. బాత్రూము గడియ, సంపు తాళం, గంజి గిన్నె నిలిచాయి. మాత్రల సంచి తలగడ దగ్గరకే తిరిగి వచ్చింది. రాత్రి భోజనం తర్వాత బీరువా దాకా లేవడం తాతగారికి కష్టం. బీరువా గురించి వాదించి లాభం లేదనిపించింది, మంచం పక్క గోడకు ఆయన నిలబడితే అందే ఎత్తులో చిన్న తాళపు పెట్టె కొట్టించారు. ఆ తర్వాత సంచి కిందికి రాలేదు. వంటింటి గేటు కూడా ఎక్కువసేపు తెరిచే ఉంటోంది. గొళ్లెం తీయడానికి రెండు చేతులు కావాలి, మామ్మగారి చేతిలో ఎప్పుడూ ఏదో గిన్నె ఉంటుంది. వెల్డర్ దాన్ని ఒక్క చేత్తో ఎత్తితే తెరుచుకుని, వదిలితే దానంతటదే పడే గొళ్లెంగా మార్చాడు. ఇంట్లో ఒక ఏర్పాటు నిలవకపోతే, మనుషుల్ని తప్పుపట్టే ముందు దాన్ని వాడేవాళ్ల మోకాళ్లు, చేతులు ఎలా ఉన్నాయో చూడాలని నా అభిప్రాయం.

పదో నెలలో ఒకసారి వక్క ముక్క నోట్లోకి వెళ్లింది. చుట్టాలెవరో జేబులోంచి జార్చారు. పాప గట్టిగా దగ్గుతోంది. మామ్మగారు వేలు పెట్టలేదు, కూర్చోబెట్టి పట్టుకున్నారు, ముక్క బయటికి వచ్చింది. తర్వాత కూడా దగ్గు, పిల్లికూతలు ఏమైనా ఉన్నాయేమోనని నా దగ్గరకు తెచ్చారు. ఊపిరితిత్తులు రెండు వైపులా బాగానే ఉన్నాయి. ఆ ఇంట్లో ఇప్పుడు వక్కల డబ్బా అటక మీద ఉంది, వచ్చిన చుట్టాలకు గుమ్మంలోనే చెబుతున్నారు.

ఏడాది నిండేసరికి పాప పొడవు 74 సెంటీమీటర్లు. పట్టుకుని నిలబడి చేయి చాపితే డైనింగ్ టేబుల్ అంచు దాటుతుంది. టేబుల్ గుడ్డ తీసేశారు, ఎందుకంటే గుడ్డ లాగితే పైనున్న సాంబారు గిన్నె కూడా వస్తుంది. టీవీ స్టాండును, బట్టల బీరువాను ఎల్ ఆకారపు క్లాంపులతో గోడకు బిగించారు. తర్వాత మొదలయ్యేది ఎక్కడం కాబట్టి కిటికీ కింద ఉన్న దివాన్‌కాట్‌ను ఎదుటి గోడకు మార్చమని చెప్పాను. ఈసారి తండ్రి సెలవు పెట్టి వచ్చి పాప మొదటి అడుగులు వేయకముందే ఆ పని పూర్తి చేశాడు.